గోరింట కంచె కింది హద్దు రాయి

ఇంకోసారి చదువు బిడ్డా, ఆ కాయిదంల ఏమున్నది? గోడ మన హద్దులనే కట్టాలె, పక్కోళ్ళ జాగలకు ఇంచు గూడ పోవద్దు, అంతేనా? మన కొత్త గోడ పర్మిషన్ కోసం నువ్వు అది చదువుతుంటె నా మనసు అశోక్ నగర్ ఇంటికి పోయింది. చెప్త, రాసుకో. పేర్లు మాత్రం రాయకు.

తొంభై అయిదో, ఆరో. అప్పుడు మాకు, పక్కింటోళ్ళకు నడుమ గోడ లేకుండె, గోరింట కంచె ఉండె. మా అత్తమ్మ కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు నాటిందంట. ఆషాఢం వచ్చిందంటె చిక్కడపల్లి కెళ్ళి గూడ ఆడోళ్ళు సంచులు పట్టుకొని వస్తుండిరి. అత్తమ్మ రాణి లెక్క కుర్చీ ఏస్కొని కూసుండేది, "మొదలు పీకకుండ్రే, ఆకు తెంపుండ్రి" అని అరుసుకుంట. మా దిక్కు కొమ్మలు నున్నగ కత్తిరిచ్చేది. ఎండిన మొక్క కాడ కొత్త పుల్ల నాటితె జరంత అవతలికి నాటేది, మా బట్టలారేసే జాగకు అడ్డం రావద్దని. గట్ల ముప్పై ఏండ్లల్ల ఆ కంచె ఎవ్వరికి చెప్పకుంట అడుగున్నర నడ్సింది.

ఒక రోజు, ఉగాది ముందు, కంచె కింద ఎండుటాకులు ఊడుస్తుంటె మా దిక్కు మట్టిల సగం మునిగిన రాయి కనవడ్డది. పాత హద్దు రాయి. అత్తమ్మకు చూపిచ్చిన. "నువ్వు చూడలే, నేను చూడలే. పెంచిన చెట్లు నాతోనే పీకిస్తవా?" అన్నది. మట్టి కప్పిన.

పక్కింట్ల టీచరమ్మ ఉండేది. భర్తకు పక్షవాతం, మంచం దిగకపోతుండె. ఒక్కతే బిడ్డ, గప్పుడే ఇంటర్ అయింది. పక్కన ఖాళీ జాగల ఒక రూము ఏసి కోచింగ్ పిల్లలకు కిరాయికిస్తె బిడ్డ చదువు సాగుతదని ఆమె ఆశ. ఎండాకాలంల ప్లాను పెట్టింది. మున్సిపాలిటీ ఆయన వచ్చి కంచె కాడికెళ్ళి టేపు పట్టిండు. "అమ్మా, కాయిదంల ఉన్నంత జాగ నేల మీద లేదు. హద్దు పక్కన రూలు ప్రకారం ఇడవాల్సిన ఖాళీ జాగ ఇడిస్తె రూము పట్టదు. ముందు హద్దు తేల్చుకోండ్రి" అని పోయిండు. టీచరమ్మ కంచె అవతల నిలవడి నన్నే అడిగింది. "అక్కా, పాత హద్దు రాయి ఎన్నడన్న కనవడ్డదా?"

"ఏమో చెల్లె, నాకు తెల్వది" అన్న. అత్తమ్మ అనలే బిడ్డా, నేనే అన్న.

ఆషాఢంల ఆ పిల్ల గిన్నె పట్టుకొని ఆకు కోసం వచ్చింది. ఏ కాలేజీల చేరినవే అని అడిగిన. "చేరలే పెద్దమ్మా. నారాయణగూడల బట్టల షాపుకు పోతున్న. రూము అయితె వచ్చే యేడు చూద్దామన్నది అమ్మ" అని నవ్వింది. నాకు ఆడ నిలవడబుద్ధి కాలే. గా పొద్దే టీచరమ్మను పిల్చి రాయి చూపిచ్చిన.

వంగి చేత్తోని మట్టి తుడ్సింది. కొట్లాడుతదనుకున్న. "ఎప్పుడు చూసినవక్కా?" అన్నది, అంతే. ఇయ్యాల్నే అని చెప్పొచ్చు. "ఉగాది ముందు" అన్న. ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కబెట్టింది. లోపలికి పోయింది.

రాయి సంగతి చెప్తె మీ తాత కంచె తీపిచ్చి రాయి మీదికెళ్ళి గోడ కట్టిచ్చిండు. అత్తమ్మ రెండు దినాలు అన్నం ముట్టలే. రూము లేసింది, ఆ పిల్ల మరుసటి యేడు కాలేజీకి పోయింది. అందరు మంచిగైందనే అన్నరు. గని బిడ్డా, అడుగున్నర జాగ అంటె వాపసిచ్చినం, ఆ పిల్లకు పోయిన యేడు ఏడికెళ్ళి తెచ్చిద్దును?