చావు రోజున తెప్ప దించినవాడు

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం నాకు నెల్లూరులో ఒక ఆసుపత్రి నరాల విభాగానికి బదిలీ అయింది. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. హోదా క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాసే అధికారం మాకు ఉండదు. మెదడులో ఎక్కడ తేడా వచ్చిందో డాక్టరు స్కానింగు చూసి చెబుతారు. ఆ తేడా వల్ల మనిషి ఏం పోగొట్టుకున్నాడో ఎదురుగా కూర్చుని, పరీక్షలు పెట్టి తేల్చడం మా పని. దీన్ని కబుర్లు చెప్పి జీతం తీసుకోవడం అనుకునేవాళ్ళు బయటే కాదు, మా విభాగంలోనూ ఉండేవారు.

ఆ ఏడు వానలకు ముందు విడవలూరు వైపు సముద్రపొడ్డు ఊరి నుంచి చెంగమ్మ అనే ఆమె తన భర్త పోలయ్యను తీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి, సొంత తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఒక్క తెప్ప కూడా నీళ్ళలోకి దిగదు. పక్కింటి అంకమ్మ కొడుకు జ్వరంతో పోయిన రోజున పోలయ్య ఆ శవం ముందు నుంచే వల మోసుకెళ్ళి తెప్ప దించాడు. తిరిగొచ్చాక, ఏడుస్తున్న అంకమ్మ దగ్గర నిలబడి చేప కావాలా అని అడిగాడు.

ఊరి పెద్దలు దురాయి వేశారు. దురాయి అంటే కట్టుబాటు తప్పినవాళ్ళను ఊరంతా కలిసి వెలివేయడం. ఆ ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. చెంగమ్మ అమ్ముకోవడానికి ఒడ్డున ఎవరూ ఆమె తట్టలో చేప వేయకూడదు. వాళ్ళ కూతురు బోరింగు దగ్గరికి వెళితే మిగతావాళ్ళు బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయేవారు. ఇది జబ్బని డాక్టర్లు చెబితే దురాయి తీసేస్తామని పెద్దకాపు, అంటే ఊరి పెద్ద, మాట ఇచ్చాడట. ఆ మాట పట్టుకునే చెంగమ్మ మా దగ్గరికి వచ్చింది.

“ఈయన ఇట్టాంటోడు కాదమ్మా. రెండేళ్ళుగా మారిపొయినాడు. పిల్ల జారిపడి తల పగిలి నెత్తురు కారతా ఉంటే పక్కనే కూసోని అన్నం తింటా ఉండాడు,” అంది.

స్కానింగులో నుదుటి వెనక భాగమూ, కుడి కణత లోపలి భాగమూ కుంచించుకుపోయి కనిపించాయి. ఫ్రాంటో టెంపోరల్ డిమెన్షియా అన్నారు డాక్టరు. అందరికీ తెలిసిన మతిమరుపు జబ్బు కాదిది. జ్ఞాపకం చాలాకాలం చెక్కుచెదరదు. ముందుగా పోయేది ఎదుటి మనిషి మీద పట్టింపు.

నేను మొదట ఒక కథ చెప్పాను. ఒకడు వలను గుడిసెలో పెట్టి వెళ్ళాడు, ఇంకొకడు దాన్ని తెప్ప కిందికి మార్చాడు. మొదటివాడు వచ్చి ఎక్కడ వెతుకుతాడు? గుడిసెలోనే అన్నాడు పోలయ్య, తడుముకోకుండా. సరైన జవాబే, ఎదుటివాడికి ఏం తెలుసో లెక్కకట్టగలడు. తరువాత ముఖాల ఫొటోలు చూపించాను. ఏడుపును ఆపుకుంటున్న ఆడమనిషి ముఖాన్ని చూసి, “బాగానే ఉండాది గదా” అన్నాడు. భయపడుతున్న ముఖానికీ అదే జవాబు. పరీక్ష మధ్యలో పక్క రోగి సంచిలోంచి అరటిపండు తీసి తిన్నాడు.

చివరగా, నీ గుణం ఎలాంటిదో చెప్పమన్నాను. “నా సంగతా? ఎవురికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేది నేనే. చావింట్లో నాకు ముద్ద దిగదు,” అన్నాడు.

చెంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “నిజమేనమ్మా. అట్టానే ఉండేవాడు,” అంది.

అతను అబద్ధం ఆడలేదు. మనల్ని మనం తలచుకున్నప్పుడూ, ఎదుటివాళ్ళ మనసులోని బాధను పసిగట్టినప్పుడూ మెదడులో పనిచేసే చోట్లు చాలావరకు ఒకటే. అవి దెబ్బతింటే రెండు పనులూ కుంటుపడతాయి. ఎదుటివాళ్ళ బాధ తగలదు. తన గురించి తనకున్న బొమ్మ కూడా జబ్బుకు ముందు ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది. పోలయ్య లోపల పాత పోలయ్యే ఉన్నాడు. బయట తిరుగుతున్నవాడితో అతనికి పరిచయం లేదు.

మా నివేదికతో చెంగమ్మ వైద్యుల బోర్డు ముందుకు వెళ్ళింది. జబ్బు వల్ల కలిగిన వైకల్యాన్ని ధ్రువీకరించి, ఊరికి చూపించడానికి సర్కారు కాగితం ఇవ్వాల్సింది వాళ్ళే. మాట బాగుంది, లెక్క బాగుంది, జ్ఞాపకం బాగుంది అని పంపేశారు. పెద్ద చదువులవాళ్ళే అలా తేల్చాక ఊరివాళ్ళను అనడానికి నాకు నోరెక్కడిది? ఆ కోపంతోనే ఒక ఆదివారం నేనే వాళ్ళ ఊరికి వెళ్ళాను.

ఒడ్డున వలలు ఎండేసే చోట పంచాయతీ కూర్చుంది. చెయ్యి మొద్దుబారినవాడికి నిప్పు కాలుస్తుందని తెలుసు, అయినా వేడి తగలదు, ఎదుటివాళ్ళ బాధ విషయంలో ఇతని మెదడు అలా మొద్దుబారిందని చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. పెద్దకాపు పోలయ్య వైపు తిరిగాడు.

“ఆ బిడ్డ పోయిన సంగతి నీకు తెలుసునా?”

“తెలుసు.”

“తెప్ప దించేది తప్పని తెలుసునా?”

“తెలుసు.”

“ఇన్నావు గదమ్మా,” అన్నాడు పెద్దకాపు నాతో. “తెలిసి చేసేదాన్ని మేం జబ్బనం. పొగరంటాం.”

సరే, అంకమ్మ కాళ్ళ మీద పడితే దురాయి తీసేస్తామన్నారు. చెంగమ్మ ముందే మాటలన్నీ నేర్పించి తెచ్చింది. పోలయ్య ఇసుకలో సాగిలపడి, “నీ బిడ్డ పోయిన రోజు తెప్ప దించినాను తల్లీ, తప్పయిపోయింది” అని ఒక్క ముక్క తప్పకుండా చెప్పాడు. అంకమ్మ భోరుమంది. అతను లేచి, ఒంటికంటిన ఇసుక దులుపుకుని, భార్యతో “అయిపొయిందిగా, ఆకలవతా ఉండాది, పా” అన్నాడు.

అంతే. ఇక నేను చెప్పినదేదీ ఎవరి చెవికీ ఎక్కలేదు. కాసేపు గుసగుసలాడుకుని పెద్దకాపు తీర్పు చెప్పాడు. చెంగమ్మా కూతురూ ఊళ్ళో ఉండొచ్చు, పోలయ్య మాత్రం ఉండకూడదు. అతన్ని వదిలేస్తే ఆ పూట నుంచే వాళ్ళకు దురాయి లేదు. చాలా దయ చూపించినట్టే చెప్పాడు ఆ మాట.

చెంగమ్మ లేచి నిలబడింది. “అన్నా, ఆయనకి నా ఏడుపు కనపడదు, జబ్బు మనిషి. మీకు కనపడతా ఉండాది గదా. మరి మీకేమొచ్చింది?”

అంకమ్మ ఒక్కతే తలెత్తి చూసింది, మళ్ళీ దించుకుంది.

ఆ వారంలోనే ముగ్గురూ బిట్రగుంట వెళ్ళిపోయారు. చెంగమ్మ అక్కడ ఇళ్ళలో పాచిపని చేసేది. మందులకు వచ్చినప్పుడల్లా పోలయ్య నాతో, రేపు మా ఊరు పోతున్నాం, ఊళ్ళోవాళ్ళకు నేనంటే ప్రాణం అని చెప్పేవాడు. ఆమె కాదనేది కాదు.

ఎదుటి మనిషిని అర్థం చేసుకునే చోట్లు మెదడులో ఎక్కడున్నాయో నేను చదువుకున్నాను, పాఠాలు కూడా చెప్పాను. అవి చెడిపోతే ఏమవుతుందో పుస్తకాల్లో ఉంది. చెడిపోకుండా ఉన్నవాళ్ళు వాటిని ఎప్పుడు వాడతారో, ఎప్పుడు వాడరో మాత్రం ఆ ఒడ్డున తెలుసుకున్నాను. ఆ తరువాత ఇలాంటి రోగి వస్తే, వ్యవహారం ముదరకముందే ఇంటివాళ్ళతో పాటు ఇరుగుపొరుగును కూడా వెంటబెట్టుకు రమ్మని చెప్పేదాన్ని. రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. ఇరుగుపొరుగు ఎవరూ రాలేదు.