పచ్చకాగితం మీద దయ్యం

ఇరవై నాలుగేళ్లకే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం దొరికినవాడికి మిగతా లోకం మీద ఒక రకమైన జాలి ఉంటుంది. ఆ రోజుల్లో నాకూ ఉండేది. తొంభైల మొదట్లో ఒక రేకు పెట్టె, రెండు జతల టెరికాటన్ బట్టలు, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి జాడీతో గుంటూరు నుంచి ఢిల్లీలో దిగాను. ఆరు నెలలు తిరక్కుండానే, నేను సెలవు పెడితే భారత ప్రభుత్వం ఏమైపోతుందోనని నిజంగానే బెంగపడేవాణ్ణి. (నా ఉద్యోగం అసిస్టెంటు. నా కింద ఎవరూ లేరు. నా పైన ఉన్నవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెడితే రాష్ట్రపతి దాకా వెళ్లాలి.) ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అంటే ఏ తప్పూ చేయకుండా రెండేళ్లు గడిపితేనే ఉద్యోగం పర్మనెంటు. అయినా నడకలో మాత్రం అప్పటికే సెక్రటరీ హోదా వచ్చేసింది.

మా ఆఫీసు కశ్మీరీ గేటు అవతల ఒక పాత కోఠీలో ఉండేది. ఎవరో నవాబు కట్టించాడట, ఆ తర్వాత ఎవరో ఇంగ్లీషు కల్నల్ కాపురమున్నాడట. చివరికి ప్రభుత్వం వచ్చి గోడలకు పసుపురంగు సున్నం కొట్టించి, దర్బారు హాల్లో స్టీలు బీరువాలు దింపింది. పై అంతస్తులో మూల గదిని స్టోరు చేశారు. విరిగిన కుర్చీలు, కట్టలు కట్టిన పాత రికార్డులు, ఎవరికీ అక్కర్లేని ఒక టైపు మిషను అక్కడ ఉండేవి. చీకటి పడ్డాక ఆ గదిలోంచి టైపు కొడుతున్న చప్పుడు వస్తోందని ఆఫీసంతా పుకారు. సిపాయిల తిరుగుబాటులో చచ్చిపోయిన కల్నల్ సాబ్ లండన్‌లోని పెళ్లానికి ఉత్తరాలు కొడుతున్నాడని నిర్ధారణ కూడా అయిపోయింది. ఆయన పోయేనాటికి ఈ దేశంలోకి టైపు మిషనే రాలేదన్న సంగతి ఇంతమంది గ్రాడ్యుయేట్లలో ఒక్కడికీ తట్టలేదు. ఆరు కొట్టేసరికి కోఠీ ఖాళీ అయిపోయేది. రాత్రి చౌకీదారు సైతం గేటు బయట చాయ్ కొట్టు దగ్గర కూర్చునే కాపలా కాసేవాడు. ఇదేమిటయ్యా అని అడిగితే, "అందర్ సాబ్ హై నా" అనేవాడు, లోపల దొరగారున్నారుగా అని.

ఇక మిలట్రీ మావయ్య గురించి చెప్పాలి. ఆయన మా ఆఫీసు దఫ్తరీ. ఫైళ్లు కుట్టడం, బల్ల నుంచి బల్లకు అందించడం, బీరువాల తాళాలు చూసుకోవడం ఆయన పని. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో చేసి వచ్చి ఇక్కడ నాలుగో తరగతి ఉద్యోగంలో చేరాడు. ఆఫీసరు గది గుమ్మం పక్కన స్టూలు ఆయన చోటు. తెలుగువాళ్లమంతా ఆయన్ని మావయ్యా అనే పిలిచేవాళ్లం. ఆర్.కె. పురంలో ఆయన క్వార్టరుకు నాలుగు వరసల అవతల నాకు అద్దెకు గది చూసిపెట్టింది ఆయనే. మొదటి చలికాలం నేను జ్వరంతో పడి ఉంటే వాళ్లావిడ చేత చారన్నం చేయించి తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడింది కూడా ఆయనే.

దయ్యాన్ని పట్టుకోవాలన్న ఆలోచన మా సెక్షన్లో అందరికన్నా సీనియరైన పంజాబీ పెద్దమనిషికి వచ్చింది. ఆయన్ని అందరూ బడే బాబూ అనేవాళ్లు. డిసెంబరు ఎండలో లాన్ మీద పల్లీలు ఒలుస్తూ ఆయన ఈ మాట అనగానే నేను సిద్ధమన్నాను. నా పక్క సీటు వరంగల్ మిత్రుడు నా మొహం చూసి, మొహమాటానికి తనూ సిద్ధమన్నాడు. సైన్యంలో చేసినవాడు వెంట ఉంటే ధైర్యమని మావయ్యను కూడా రమ్మన్నాం.

"ఎందుకు బాబూ మీకీ గొడవ? దెయ్యాలుంటే ఉంటాయి. ఆటి మానాన ఆటిని వొగ్గీండి," అన్నాడు మావయ్య, ఫైళ్లు సర్దుతూ. "ఇంతకీ ఎప్పుడెల్తారేటి?"

శనివారం అన్నాం. మిలట్రీవాడికి కూడా దయ్యమంటే భయమేనని ఆయన వెనకాల నవ్వుకున్నాం. ఆ తర్వాత, శనివారం బడే బాబూ ఇంట్లో దేవీ భజన పెట్టుకున్నారని తెలిసి, వేటను ఒక రోజు ముందుకు జరిపాం. ఎలాగూ రానన్న మనిషికి చెప్పడమెందుకని మావయ్యకు చెప్పలేదు.

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ముగ్గురం కోఠీలోకి అడుగుపెట్టాం. పొగమంచు వరండాలోకి కూడా వచ్చేసింది. నా చేతిలో మూడు సెల్లుల టార్చి, బడే బాబూ చేతిలో ఒక కర్ర, జేబులో హనుమాన్ చాలీసా. (దీనికి ఓవర్‌టైము రాసుకోవచ్చా అని మెట్ల దగ్గర ఆగి మరీ సందేహం వెలిబుచ్చాడు.) సగం మెట్లు ఎక్కామో లేదో, పైనుంచి స్పష్టంగా వినిపించింది. టక్, టక్, టక్‌టక్. కాసేపు నిశ్శబ్దం. తర్వాత టింగుమని గంట.

"అన్నా, నేనీడనే ఉంట. మీరు వొయ్యి చూసి రాండ్రి," అని వరంగల్ మిత్రుడు మెట్ల కటకటాలను కావలించుకున్నాడు.

నా కాళ్లు కూడా అదే అభిప్రాయంతో ఉన్నాయి. కానీ సోమవారం లాన్ మీద ఈ కథ చెప్పవలసింది నేనే గనక ముందుకే నడిచాను. తలుపు తోశాను. లోపల మసక వెలుతురులో కంబళి కప్పుకున్న ఆకారం ఒకటి దిగ్గున లేచి నిలబడింది. బడే బాబూ నా వెనకనుంచి చాలీసా అందుకున్నాడు, అదీ మధ్యలోంచి. ఆ ఆకారం మడమలు టప్పుమని కలిపి మాకు శాల్యూట్ కొట్టింది.

"తప్పయిపోనాది బాబూ," అంది.

మిలట్రీ మావయ్యే. మంకీ టోపీ, భుజాల మీద సైన్యం నాటి కంబళి. వెలుగు బయటికి పోకుండా కిటికీకి ఇంకో కంబళి కట్టాడు. విరిగిన కుర్చీ కింద ఇటుకలు పేర్చి, మూలపడ్డ టైపు మిషను ముందు వేసుకున్నాడు. ఎవరూ చూడకుండా వెనక గేటులోంచి వస్తున్నాడట, ఎనిమిది నెలలుగా. ఎందుకని అడిగాను.

"ఫిబ్రవరిలో పరీచ్చ బాబూ. పదో తరగతి పాసయిన మా బోటి నాలుగో తరగతోళ్లని గుమస్తాలుగా తీసుకుంటారు. నిమసానికి ముప్పై మాటలు కొట్టాల. ఇరవయ్యారు కాడ ఆగిపోనాను. వొచ్చే ఏడుకి నాకు వొయసు దాటిపోతాది. ఇదే ఆకరు."

"పగలే నేర్చుకోవచ్చుగా మావయ్యా?"

"సెక్షన్లో నవ్వుతారు బాబూ. బయట ఇన్‌స్టిట్యూట్‌కెల్తే అందరూ మా పాప ఈడు పిల్లలు. ఆల మజ్జిన నానేటి కూకోను?" అని మిషను మీద చెయ్యి వేసి, "పదకొండేళ్లయి స్టూలు మీదే ఉన్నాను. రిటైరయ్యేలోగా ఒక్క రోజైనా బల్ల ముందర కూకోవాలని ఆశ. అంతే," అన్నాడు.

బడే బాబూ కర్ర పక్కన పెట్టి, "ఫౌజీ, డరో మత్. కిసీ సే నహీఁ కహేంగే," అని, ఎవరికీ చెప్పమని మాటిచ్చాడు. మేమూ ఇచ్చాం. మెట్ల మీంచి వరంగల్ మిత్రుణ్ణి పిలిచి, నలుగురం ఆ పాత రికార్డుల కట్టల మీద కూర్చుని పల్లీలు తిన్నాం. ఏ అక్షరానికి ఏ వేలో చూపించి, నేను గురువు హోదా కూడా సంపాదించాను. నా జీవితంలో అంత మంచి దయ్యాల వేట మళ్లీ జరగలేదు. అక్కడితో ఆగి ఉంటే ఇది నవ్వుకునే కథగానే మిగిలేది.

నేనప్పుడే పదిహేను రోజుల శిక్షణ ముగించుకుని వచ్చాను. ఫైల్లో నోటు ఎలా రాయాలన్నదే ఆ శిక్షణ. నోటంటే, విషయాన్ని పేరాలుగా విడగొట్టి, పచ్చటి నోట్‌షీటు మీద రాసి, పైఅధికారికి సమర్పించడం. కొత్తగా ఈత నేర్చినవాడికి నీళ్లు కనిపించినట్టు నాకు ఎక్కడ చూసినా నోట్లే కనిపించేవి. సోమవారం పొద్దున్న ఒక పచ్చకాగితం తీసుకుని, మావాళ్లు నవ్వుకుంటారని రాశాను. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఒకటి. పై అంతస్తు మూల గదిలోని దయ్యం విషయమై శుక్రవారం రాత్రి ప్రత్యక్ష తనిఖీ జరపడమైనది. రెండు. సదరు దయ్యం ఈ కార్యాలయపు దఫ్తరీయేననియు, గత ఎనిమిది నెలలుగా ప్రభుత్వ టైపు మిషను, ప్రభుత్వ కాగితము, ప్రభుత్వ విద్యుత్తు వినియోగించి నిమిషానికి ఇరవై ఆరు మాటల వేగం సాధించినదనియు తేలినది. మూడు. ఖాళీగా ఉన్న గుమస్తా పోస్టులో సదరు దయ్యమును క్రమబద్ధీకరించు విషయం పరిశీలించవచ్చును. ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది."

బడే బాబూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "సాబ్‌కి చూపించనా? ఆయనా నవ్వుతారు," అన్నాడు. మాటిచ్చి మూడు రోజులైనా కాలేదు. ఆ మాట మా ఇద్దరిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. ఎగిరిపడి చూపించమన్నాను. పైగా, సంతకం లేని నోటు నోటే కాదని శిక్షణలో నొక్కి చెప్పారు గనక కింద సంతకం చేసి, తేదీ వేసి మరీ ఇచ్చాను. ఆయన దాన్ని బిల్డింగు రిపేర్ల ఫైల్లో పెట్టి పంపాడు.

మా ఆఫీసరు నవ్వారట కూడా. నవ్వి, పెన్ను తీసి, రెండో పేరా పక్కన గీత గీసి, "ఎవరి అనుమతితో? సంజాయిషీ కోరండి," అని రాశారు. ఆయన్ని నేను తప్పు పట్టలేను. పచ్చకాగితం మీదికి ఎక్కిన విషయాన్ని చూడనట్టు ఊరుకుంటే రేపు ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి. మర్నాడు మావయ్యకు మెమో వెళ్లింది. మెమో తేలేదాకా పేరు పరీక్షకు పంపరాదన్నది రూలు. జాబితా పంపడానికి పది రోజులే గడువుంది. ప్రభుత్వం అన్న మాట మూడుసార్లు ఎంత లయగా పడిందోనని నేను మురిసిపోయిన వాక్యమే మెమోలో ఉన్నదున్నట్టు దిగింది.

నోటు చింపేద్దామని బడే బాబూ దగ్గరికి పరిగెత్తాను. పేజీకి నంబరు పడిపోయింది, చింపితే ఇంకా పెద్ద కేసన్నాడు. దాని కింద ఇంకో నోటు రాయడమొక్కటే దారి. మొదటిది వేళాకోళానికి రాశాననీ, దఫ్తరీని ఆఫీసు అయ్యాక ఉండమన్నది సెక్షన్ పని మీద నేనేననీ రాస్తే చాలు, మెమో ఎగిరిపోతుంది. "కానీ బేటా, ప్రొబేషన్లో ఉన్నావు. ఫైల్లో పరాచికాలాడానని నీ చేత్తో నువ్వే రాసిస్తే, వాడు గట్టెక్కుతాడు, నీ సంగతి చెప్పలేను," అన్నాడు.

పచ్చకాగితం ఒకటి గదికి తెచ్చుకున్నాను. మూడు రాత్రులు దాని ముందు కూర్చున్నాను. "పై నోటు విషయమై" అన్నదాకా రాసేవాణ్ణి. తర్వాత నాన్న గుర్తొచ్చేవాడు, నా ఉద్యోగం గురించి వీధంతా చెప్పుకున్న అమ్మ గుర్తొచ్చేది. నిజం చెప్పాలంటే వాళ్లిద్దరికన్నా ముందు నా నడక గుర్తొచ్చేది. నాలుగో రోజు ఆదివారం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మావయ్య క్వార్టరుకు వెళ్లాను.

ఆయన గుమ్మంలో ఎండకు కూర్చుని స్వెట్టరు చిక్కు తీస్తున్నాడు. నేను నోరు విప్పేలోగా, "ఆ ఫైలు సాబ్ గదిలోకి నానే పట్టికెల్లాను బాబూ," అన్నాడు. నిజమే, ఫైళ్లు మోసేది ఆయనే. ఆ మాత్రం ఇంగ్లీషు ఆయనకు వచ్చు. మధ్యలో ఆగి చదువుకున్నాడట. చదువుకుని, తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడట.

"ఇంకో నోటు రాస్తాను మావయ్యా. తప్పు నాదని రాస్తాను."

ఆయన స్వెట్టరు ఒళ్లో పెట్టుకున్నాడు. నా జేబు వైపు, నా మొహం వైపు చూశాడు. ఆ చూపులో ఒక్క క్షణం ఆశ కనిపించింది. నేను చూశాను. చూడలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, చూశాను.

"వొద్దు బాబూ," అన్నాడు చివరికి. "మీది ఎదిగే ఉద్యోగం. అడ్డం పెట్టుకోకండి. నాకా ముప్పై మాటలు వొచ్చీవో రాకపోయీవో." లోపలికి తిరిగి, "ఏమే, బాబొచ్చాడు, కంచం పెట్టు," అన్నాడు.

నేను ఇంకొక్కసారి, కాదు మావయ్యా, రాస్తానని అనాలి. ఇంకొక్కసారి అని ఉంటే ఆయన వద్దనేవాడు కాడేమో. అనలేదు. అత్తయ్య వడియాల పులుసు పెడితే మారు వడ్డించుకుని తిన్నాను. గుండెల మీంచి బరువు దిగిపోయినట్టు నాలుగు వరసలూ ఈల వేసుకుంటూ నడిచి గదికి చేరి, మూడు రాత్రుల బాకీ తీర్చుకుంటూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ ఏడు జాబితాలో మావయ్య పేరు వెళ్లలేదు. వేసవిలో మెమో దానంతటదే మూతపడింది. ఆయన దఫ్తరీగానే రిటైరై విజయనగరం వెళ్లిపోయాడు. నాకు పర్మనెంటయింది, ప్రమోషన్లు వచ్చాయి, నోటు రాయడంలో దిట్టనని పేరూ వచ్చింది. నేనూ రిటైరై కొన్నేళ్లయింది. ఈల వేసుకుంటూ వెళ్లిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ఓ మూల నవ్వొస్తుంది, పాపం, ఎంత తేలిగ్గా ఉన్నాడో అని. ఈ మధ్య నాకు రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ పట్టదు. మా ఆవిడ అది షుగరు వల్లనంటుంది. షుగరేనని నేనూ ఒప్పేసుకుంటాను.