మూడో బెంచీ నాలుగో కాలు

2019 జూలై 8, సోమవారం, ఉదయం తొమ్మిదీ పది. నాయుడుపేట నుంచి వాకాడు వెళ్లే దారిలో ఉన్న మా శిక్షణ కళాశాల వర్క్‌షాపులో ఆ నిమిషానికి గంట కొట్టించి ట్రేడ్ టెస్టు మొదలుపెట్టాను. అప్పుడు నేను మెయింటెనెన్స్ మెకానిక్ ట్రేడుకి డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్ని. రిటైర్మెంటుకి పది నెలల ఇరవై మూడు రోజులున్నాయి.

ఆ బ్యాచీలో పన్నెండు మంది. టెస్టు నలుగురి చొప్పున మూడు విడతలు, ఒక్కొక్కరికి ఒక బెంచీ, రెండు గంటలు. బెంచీ మీద ఒక మోటారు, దాని ఎదురుగా ఒక పంపు ఉంటాయి. రెండింటి షాఫ్టులూ ఒకే వరసలోకి తేవాలి. ఇది కంటితో తేలే పని కాదు. రెండు షాఫ్టుల్నీ కలిపే కప్లింగుకి డయల్ గేజీ బిగించి, షాఫ్టు తిప్పుతూ తేడా చదవాలి. తేడా ఉంటే మోటారు కాళ్ల కింద షిమ్ములు, అంటే పలుచని ఉక్కు రేకులు, కత్తిరించి పెట్టాలి. తేడా మిల్లీమీటరులో వందకి అయిదు పాళ్లు దాటకూడదు. అంత అవసరమా అని కొత్తవాళ్లు అడుగుతారు. వరస తప్పిన పంపు బేరింగులు తినేస్తుంది, ప్లాంటు ఆగుతుంది.

మూడో బెంచీ చెంచయ్యకి వచ్చింది. వాకాడు మండలంలో పడవ ఇంజన్ల మెకానిక్కు, వయసు నలభై నాలుగు. కృష్ణపట్నం వైపు ఒక కంపెనీ ఫిట్టర్లను తీసుకుంటూ ఉంది. నలభై అయిదు నిండితే తీసుకోరు. పాసైనవాళ్ల జాబితా ఆ సాయంత్రమే వెళ్లాలి. మళ్లీ టెస్టు ఆరు నెలలకి. చెంచయ్యకి ఆగస్టులో నలభై అయిదు నిండుతాయి. కాబట్టి అతనికి ఉన్నది ఆ ఒక్క పూటే.

చెంచయ్యకీ నాకూ మూడు నెలలుగా ఒక తగువు ఉంది. అతను స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి బేరింగు చప్పుడు వింటాడు. బోల్టు వదులు చేస్తూ మోటారు కాలి అంచున వేలు పెట్టి చూస్తాడు. నేను ఒప్పుకోలేదు. నీ వేలు చెప్పేది రిజిస్టర్లో ఎక్కదయ్యా, గేజీ చెప్పేది ఎక్కుతుంది అని పదిసార్లయినా అని ఉంటాను. పక్క బెంచీ సలోమి, ఇరవై ఏళ్ల పిల్ల, నాయుడుపేట బస్సు దిగి వచ్చేది, అతన్ని వదిలేది కాదు. "చెంచయ్యన్నా, అది పడవ ఇంజను కాదు, బుజ్జగిస్తే పలికేదానికి!" అనేది. "నువ్వు పలికినంత అది పలకదులేమ్మా," అనేవాడు చెంచయ్య.

ఇక నా సంగతి చెప్పాలి. ఇనప బేసు మీద మోటారు నాలుగు కాళ్లూ సమంగా ఆనాలి. ఒక కాలు ఆనకపోతే బోల్టు బిగించినప్పుడల్లా మోటారు ఒళ్లు మెలితిరుగుతుంది. అందుకని అమరికకి ముందు కాళ్ల తనిఖీ చేస్తారు. టెస్టులో సమయం కలిసిరావాలని ఆ తనిఖీ శనివారం నేనే చేసి, నాలుగు బెంచీల కార్డుల మీదా "కాళ్లు సరి" అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత మోటార్లు ఎత్తించి, బేసులు తుడిపించి, ఏ కాలు ఏదో తెలిసేలా బేసు మీద కాగితం లేబుళ్లు అంటించి, తిరిగి దింపించాను. లేబుళ్లు నా అలవాటు. డస్టర్ల పెట్టె మీద కూడా "డస్టర్లు" అని ఉండేది.

పదీ ఇరవై అయిదుకి చెంచయ్య గేజీ వందకి నాలుగు చూపించింది. పాసే. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు సంతకం పెట్టమని కాగితం ముందుకి జరిపారు. చెంచయ్య పెన్ను తీసుకోలేదు. నాలుగో బోల్టు వదులు చేశాడు, బిగించాడు, మళ్లీ వదులు చేశాడు. పదీ ముప్పై రెండుకి నా వైపు చూసి, "మేడం, ఈ కాలు ఆనలా. ఎత్తుకోనుండాది," అన్నాడు.

కార్డు మీద నా సంతకం చూపించాను.

"మీ సంతకం సరిగానే ఉండాది మేడం. కాలే సరిగా లేదు."

సలోమి నవ్వు ఆపుకోలేక గేజీ వైపు తిరిగింది. ఎగ్జామినర్ గారు మంచి మనిషి. రీడింగు హద్దులోనే ఉంది కదయ్యా, సంతకం పెట్టి ఇంటికి పో అన్నారు. చెంచయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇట్టాంటి కాలుతో ఇంజను కడితే నడిసముద్రంలో బోల్టు తెగుద్ది సార్. ఆడ సంతకం చూపిస్తే ఒడ్డుకి రాదు."

మోటారు ఎత్తితే మొదటినుంచి చెయ్యాలి. ఆ మాట అతనికి చెప్పాను. తెలుసు మేడం అని చెయిన్ పుల్లీ కిందికి లాగాడు.

మోటారు లేచింది. నాలుగో కాలు ఆనే చోట, బొటనవేలంత లోపలికి జరిగి, నా గుండ్రటి దస్తూరీలో "3-డి", అంటే మూడో బెంచీ నాలుగో కాలు, అని తెల్ల లేబుల్. అందరికంటే ముందు నవ్వింది ఎగ్జామినర్ గారు. "ఏ కాలు ఆనలేదో మేడం ముందే రాసి పెట్టారే!" అన్నారు. వర్క్‌షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

గీకి, తుడిచి, మోటారు దింపేసరికి పదీ యాభై ఎనిమిది. గంట కొట్టడానికి పన్నెండు నిమిషాలు. అమరిక అందులో పూర్తి కాదు. టెస్టులో సమయం పొడిగించడానికి ఒకే దారి ఉంది. బెంచీలో లోపం ఉందని దాని బాధ్యురాలు లోపాల రిజిస్టర్లో తన పేరుతో రాయాలి. అప్పుడు లోపం చెప్పిన నిమిషం నుంచి అది తీసేసిన నిమిషం దాకా లెక్కలోకి రాదు. ఆ రిజిస్టర్లో "కారకులు" అనే గడి ఉంటుంది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో అందులో చాలామంది పేర్లు రాశాను. నా పేరు లేదు. దాన్ని అలాగే అప్పగించి వెళ్లాలని నాకు ఉండేది.

రాశాను: మూడో బెంచీ, నాలుగో కాలు కింద కాగితం, తనిఖీ తర్వాత అంటించినది, కారకులు నేను. ఎగ్జామినర్ గారు ఇరవై ఆరు నిమిషాలు కలిపారు. కొత్త గడువు పదకొండూ ముప్పై ఆరు. చెంచయ్య పదకొండూ ముప్పై ఒకటికి పెన్ను అడిగాడు. రీడింగు వందకి రెండు. ఆ బ్యాచీలో అంతకంటే మంచి రీడింగు లేదు. సలోమిది మూడు. ఇద్దరి పేర్లూ సాయంత్రం జాబితాలో వెళ్లాయి.

తనిఖీ తర్వాత యంత్రాన్ని ఎవరు ముట్టుకున్నా, తనిఖీ చేసినవాళ్లే ముట్టుకున్నా, మళ్లీ తనిఖీ చెయ్యాలి. మరుసటి రోజు ఈ వాక్యం కార్డు మీద చేర్చాను. దాని కింద, వేలితో చూడవచ్చు, గేజీతో రుజువు చెయ్యాలి అని ఇంకో వాక్యం.

ఆ పూట పోయినవి: లేబుల్ ఒకటి, కత్తిరించిన షిమ్ములు మూడు, ఇరవై ఆరు నిమిషాలు, కారకుల గడిలో నా పేరు లేని ముప్పై ఏళ్లు.