ల్యాబ్‌లో నేను చెప్పిన మాట

నేను జగదల్‌పూర్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరడానికి కారణం మా నాన్న. తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు ఆనుకున్న కొంటాలో మాకు కిరాణా దుకాణం ఉంది. ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ ఆయన గుండె పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాడు. జీపులో పడుకోబెట్టి, దోర్నపాల్ మీదుగా జగదల్‌పూర్ తీసుకొచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేసిన డాక్టరు బయటికొచ్చి, మాస్కు కిందికి లాగి, నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "మీ నాన్న ఇంటికి నడిచి వెళ్తాడు బేటీ" అన్నాడు హిందీలో. అప్పుడే నర్సింగు పూర్తి చేసిన నాకు ఆ మనిషి దేవుడిలా కనిపించాడు. కొన్నాళ్ళకు ఆయన దగ్గర పనిచేసే అవకాశం వస్తే ఎగిరి గంతేశాను.

గుండె నాళాలను లోపలి నుంచి చూసే గదిని క్యాథ్ ల్యాబ్ అంటారు. ఎప్పుడూ చలిగా ఉంటుంది. నడుమ సన్నని బల్ల, దాని చుట్టూ తిరిగే ఎక్స్‌రే యంత్రం, ఎదురుగా తెరలు. కిరణాలు తగలకుండా మేము సీసం ఏప్రాన్లు వేసుకుంటాం, సాయంత్రానికి భుజాలు గుంజేస్తాయి. పేషెంటుకు మత్తు ఉండదు. మణికట్టు దగ్గర మాత్రమే మొద్దుబారేలా సూది వేసి, అక్కడి నాళంలోంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా తోస్తారు. అందులోంచి రంగు మందు ఎక్కించగానే నాళాలు తెర మీద ఒక్క క్షణం చెట్టు కొమ్మల్లా విచ్చుకుని మాయమవుతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

పని ఆ డాక్టరే నేర్పాడు. తెర మీద ప్రెషరు గీత ఉన్నట్టుండి చదునైతే గొట్టం మొన గోడకు ఆనుకుందని అర్థం, అప్పుడు మందు ఎక్కించకూడదు. గొట్టం తీశాక మణికట్టుకు కట్టే పట్టీ రక్తం ఆగేంత బిగువుగా ఉండాలి, కానీ అరచెయ్యి చల్లబడకూడదు. విసుక్కోకుండా చెప్పేవాడు. నాకు ఇంకో పని కూడా ఉండేది. సరిహద్దు ఊళ్ళ నుంచి తెలుగువాళ్ళు, దోర్లీ అనే గిరిజన భాష మాట్లాడేవాళ్ళు వచ్చేవారు. ఆయన హిందీని వాళ్ళ మాటలోకి, వాళ్ళ భయాన్ని ఆయన హిందీలోకి మార్చేది నేనే.

ఒకరోజు ఒక పెద్దావిడ కొంటా అవతలి ఊరి నుంచి వచ్చింది. మిరప తోటల్లో కూలి పని చేసేది. నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేస్తోందని కొడుకు తీసుకొచ్చాడు. ప్రాణం మీదికి వచ్చిన కేసు కాదు, ముందుగా రోజు ఖాయం చేసుకుని చేసే పరీక్ష. బల్ల మీద ఆమె చేతిని పలకకు కడుతుంటే నా కొంగు పట్టుకున్నట్టు ఏప్రాను అంచు పట్టుకుంది.

"బిడ్డా, లోపలికి రంగు మందు ఎక్కిస్తరంట గదా. ఎన్కట భద్రాచలంల కడుపు ఫోటో తీసేటప్పుడు గట్లనే ఎక్కిచ్చిన్రు. ఒళ్ళంత దద్దుర్లు లేసినయ్. గొంతు పట్టేసింది. మళ్ళ అదే మందా ఏంది?"

"వార్డుల చెప్పలేదా అమ్మా?"

"హిందీల అడిగిన్రు. నా కొడుకు అన్నిటికి లేదు లేదన్నడు. ఆనికేం తెల్సు, అప్పుడు నా ఎంట ఆడు లేడు."

నేను వెంటనే తిరిగి డాక్టరుకు చెప్పాను. హిందీలో, గట్టిగా, స్పష్టంగా, చేత్తో గొంతు పట్టుకుని చూపిస్తూ. "సార్, ఈమెకు ఇంతకుముందు రంగు మందు పడలేదట. దద్దుర్లు వచ్చి గొంతు మూసుకుపోయిందట. ఇవాళ ఆపి, అలర్జీ రాకుండా ముందు మందులు వేసి రేపు చేద్దామా?"

ఆయన అప్పటికే గ్లవ్స్ వేసుకుని ఉన్నాడు. బయట ఇంకా పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. గాల్లో చెయ్యి ఊపాడు. "కాస్త దురద వచ్చి ఉంటుంది. ఇప్పటి మందు వేరు. మొదలుపెడదాం."

"గొంతు పట్టేసిందంటోంది సార్."

"విన్నాను సిస్టర్."

అద్దం వెనక గదిలో యంత్రం ముందు కూర్చున్న టెక్నీషియను తలెత్తి నా వైపు చూసింది. మా మాటలు మైకులో ఆమెకు వినిపిస్తాయి. ఆమెది జగదల్‌పూర్ పక్క ఊరే. మేమిద్దరం ఒకే అద్దె గదిలో ఉండేవాళ్ళం, ఒకే గిన్నెలో వండుకునేవాళ్ళం. ఆమె చూపులో కూడా నా భయమే కనిపించింది. నేను మందు వికటిస్తే ఇచ్చే అడ్రినలిన్‌ను సిరంజిలోకి లాగి చేతికందేలా పెట్టుకున్నాను.

మందు రెండోసారి వెళ్ళగానే పెద్దావిడ మెడ ఎర్రబడింది. గోక్కోవాలని కట్టిన చేతిని లాగింది. దగ్గు మొదలైంది. "బిడ్డా, ఊపిరి ఆడ్తలేదు" అంది. ఆ తర్వాత మాట రాలేదు, ఈల లాంటి చప్పుడొక్కటే వచ్చింది. ప్రెషరు జారిపోయింది. డాక్టరు ఒక్క మాట అనగానే తొడకు ఇంజెక్షన్ ఇచ్చాను. ఆక్సిజన్ పెట్టాం, సెలైన్ ధారగా వదిలాం. ఆ కాసేపు ఆయన ఎంత బాగా పనిచేశాడో నేను కాదనను. ఆమె కళ్ళు తెరిచింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను, సంతోషంతోనే.

ఆ కన్నీళ్ళు ఆరకముందే, బయట ఆమె కొడుకుతో డాక్టరు అంటున్న మాటలు విన్నాను.

"మందు పడలేదు. ముందే తెలిస్తే ఆపేవాణ్ణి. మీ అమ్మ మీ భాషలో మా సిస్టర్‌కు ఏదో చెప్పిందట. అది నా దాకా రాలేదు."

కొడుకు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు మనోళ్ళ మనిషివే గదా! మా అమ్మ చెప్పినంక గూడ ఎందుకు చెప్పలే?"

నేను డాక్టరు వైపు చూశాను. డాక్టరు నా ముఖం చూడకుండా అతని భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెబుతున్నాడు.

మర్నాడు మేనేజరు నన్నూ టెక్నీషియన్నూ పిలిచాడు. నేను జరిగింది చెప్పాను. టెక్నీషియన్ని అడిగాడు. ఆమె టేబుల్ మీది గాజు పేపర్‌వెయిట్‌ను చూస్తూ, "మిషన్ చప్పుడులో సరిగా వినిపించలేదు సార్" అంది. గదికి వచ్చాక, "నా ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు, నీకు తెలుసు కదా" అంది. నాకు తెలుసు. అయినా ఆమె వండిన అన్నం ఆ పూట నాకు మింగుడు పడలేదు.

ఐసీయూలో పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచి, కొడుకు వినేలా అంది. "ఈ పిల్ల చెప్పిందిర. నాకు హిందీ రాకపోతే ఏంది, కండ్లు లేవా? ఇట్ల గొంతు పట్టుకుని సూపిచ్చింది. ఆయన ఇట్ల చెయ్యి ఊపిండు." కొడుకు తల దించుకున్నాడు. తర్వాత వెళ్ళి డాక్టరును అడిగాడు కూడా. ముసలామె మత్తులో ఏదో అనుకుని ఉంటుందని ఆయన జవాబిచ్చాడట. ఆమెకు మత్తే ఇవ్వలేదు.

అప్పుడు నేనే ఆయన గదికి వెళ్ళాను.

"నేను మీకు చెప్పలేదా సార్?"

"చెప్పావు" అన్నాడు, కుర్చీలోంచి కదలకుండా. "కానీ ఈ ల్యాబు నా పేరు మీద నడుస్తోంది బేటీ. పేరు పోతే ఈ చుట్టుపక్కల గుండె జబ్బులవాళ్ళంతా రాయ్‌పూర్ పరుగెత్తాలి. నిన్ను ఎవరూ ఏమీ అనరు, నేను చూసుకుంటాను. మీ వాళ్ళకు నువ్వు సర్దిచెప్పుకోగలవు."

కాదని అబద్ధమాడినా ఇంత బాధ కలిగేది కాదేమో. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. నన్ను ఎంచుకున్నది నేను నోరెత్తనన్న నమ్మకంతోనే. "ఆ మాట ఆమె కొడుకు ముందు చెప్పండి" అన్నాను. తర్వాతి పేషెంటు బల్ల మీద ఉన్నాడంటూ ఆయన లేచాడు. నేనూ ఏప్రాను వేసుకుని వెనకే వెళ్ళాను. బల్ల మీద ఉన్నవాడు ఏం పాపం చేశాడు? ఆ కేసు అయ్యాక రాజీనామా ఇచ్చేశాను.

ఇంటికి వెళ్ళి నాన్నకు అంతా చెప్పాను. "నన్ను బతికిచ్చిన మనిషి గదమ్మా" అన్నాడు. నేను చెప్పింది అబద్ధమని అనలేదు, కానీ డాక్టరు పక్షాన్నే నిలబడ్డాడు. ఇప్పటికీ ఆ డాక్టరు దగ్గరికే చూపించుకోవడానికి వెళ్తాడు. నేను తోడు వెళ్ళను.

ఇప్పుడు దంతెవాడలో ఒక చిన్న ఆసుపత్రిలో చేస్తున్నాను. పెద్దావిడకు ముందు మందులు వేసి, పరీక్ష ఇంకోచోట సవ్యంగా చేశారని ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అక్కా అని పిలిచాడు, క్షమించమన్నాడు.

మొన్న జగదల్‌పూర్ బస్టాండులో టెక్నీషియన్ కనిపించింది. చేతిలో కూరగాయల సంచీ ఉంది. నా చోటికి కొత్త సిస్టర్ వచ్చిందని, ఆమెకు తెలుగు రాదని చెప్పింది.

"మరి తెలుగువాళ్ళు వస్తే?"

"వెంట వచ్చినవాళ్ళే చెబుతారు." సంచీ చేయి మార్చుకుని, "ఆ రోజు నాకు అంతా వినిపించింది" అంది.

"తెలుసు" అన్నాను.

ఆమె ఇంకా ఏదో అనబోయింది. దంతెవాడ బస్సు కదులుతోందని కండక్టరు అరిచాడు. నేను ఎక్కి, ఆమె కనిపించని అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.