మా నల్లకోడి పెట్టిన ఎర్ర గుడ్డు

మా చిన్నప్పుడు... చర్ల అవతల ఊళ్ల, ముసురు పట్టిన ఓ పొద్దు. మా చెల్లె చిట్టి మంచంల పడి ఉన్నది. నాలుగేండ్ల పిల్ల... జరం, వాంతులు. చెంచాడు నీళ్లు పోద్దామన్నా పండ్లు బిగబట్టి మొహం తిప్పుకుంటున్నది.

పొద్దున్నే నర్సమ్మ వచ్చి మందిచ్చింది. "నీళ్లు లోపలికి పోవాలె. సాయంత్రం దాకా గిట్లనే ఉంటే భద్రాచలం దవాఖానకు తీస్కపోవాల్సిందే" అన్నది. ఆమె అటు వాగు దాటిందో లేదో, ఇటు వాగు పొంగింది. ఇంకేం తీస్కపోతం! మా నాయిన అక్కడి బడిల పంతులు. గొడుగేసుకొని వాగు దాకా పోవుడు, తల అడ్డంగ ఊపుకుంట వచ్చుడు... గదే పని.

నేను చిట్టిని బతిమాలిన, బెదిరించిన, ఆఖరికి ఏడ్చిన. ఊహూ... మొండి ఘటం!

అమ్మ దిగ్గున లేచింది. "నీళ్లు తాగదు కదా... తినిపిస్త."

ఖమ్మం నుంచి పిన్ని తెచ్చిన, జెల్లీ చేసే చైనా గ్రాస్ పొట్లం డబ్బాల ఉండె. మాకు ఫ్రిజ్ ఎక్కడిది, కరెంటే లేదాయె. కానీ దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, చల్లారితే చాలు, గడ్డకడ్తది. అమ్మ దాన్ని నీళ్లల్ల మరిగించి, నర్సమ్మ ఇచ్చిన ఓఆర్ఎస్ పొడి, చిటికెడు ఎర్ర జిలేబి రంగు కలిపింది. నాటుకోడి గుడ్లకు చిన్న బొక్క పెట్టి, సొన ఒంపేసి, పెంకులు వేడినీళ్లతోని కడిగింది. నూనె గరాటుతోని దాంట్ల పోసి, బియ్యం పోసిన గిలాసలల్ల నిలబెట్టింది.

ఇగ చూస్త కూసున్నం... చిట్టి కండ్లు మూతలు పడుతున్నయ్. ఆగలేక అమ్మనే ఒకటి ఒలిచింది. జావ లెక్క జారి నేలపాలైంది. అమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఇంకొంచెం సేపు ఓపిక పట్టినం. తర్వాత నాయిన ఒక గుడ్డు తీస్కపోయి గంపల నల్లకోడి కింద పెట్టిండు. ఆ కోడంటే చిట్టికి పానం. చిట్టిని ఎత్తుకొని గంపకాడికి తెచ్చి, "చూడు బిడ్డా, నీ కోడి ఏం పెట్టిందో" అన్నడు.

అమ్మ పెంకు ఒలిచింది. లోపల నిగనిగలాడుకుంట, గడగడ వణుక్కుంట... ఎర్ర గుడ్డు!

"ఎర్రగున్నదేందే?" పొద్దటి సంది చిట్టి నోట్లకెళ్లి వచ్చిన మొదటి మాట.

"నీ కోసమే పెట్టింది. తినకుంటే అలుగుతది మల్ల" అన్నది అమ్మ.

చిట్టి వేలు పెట్టి పొడిచింది. అది ఊగింది. చెయ్యి వెనక్కి తీస్కున్నది. మల్ల పొడిచింది. అబ్బా, తినవే తల్లీ... నాకు లోపల్లోపల ఒకటే మొక్కు. కొరికింది. గుటుక్కున మింగింది. ఎక్కడ కక్కుతదో అని ముగ్గురం ఊపిరి బిగబట్టి దాని మొహమే చూస్తున్నం.

కక్కలే.

"ఇంకోటి పెట్టమను దాన్ని" అన్నది.

నాయిన గోడ దిక్కు తిరిగి ఎక్కెక్కి ఏడ్చిండు. ఆయన ఏడ్వంగ నేను చూసింది అప్పుడే.

ఇప్పుడు ఖానాపురం హవేలిల మా ఇంట్ల ఎలుగుబంటి, చేప, చుక్క... జెల్లీకి ఎన్ని అచ్చులో! జరమొస్తే ఆటో ఎక్కితే దవాఖాన. మంచిదే, ఆ భయం పగోనికి గూడ వద్దు. మా పిల్లలు సగం కొరికి వదిలేస్తే మాత్రం పారేయనీకి నాకు చెయ్యి రాదు... నిలబడి నేనే తినేస్త.

మొండికేసిన పిల్లలకు మీ ఇండ్లల్ల ఏం మాయ చేసి తినిపించిండ్రు? జర చెప్పుండ్రి...