ఇంటివాళ్ళ కాగితం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ పెద్ద చీరల దుకాణంలో ముప్పై ఏళ్ళుగా పరుపు మీద కూర్చుని చీరలు చూపిస్తున్నవాడు మార్కండేయులు. పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట పుట్టాడు. నోరే అతని పెట్టుబడి. కొనేవాళ్ళు ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, మాట కలుపుతూ ఇంకో చీర విప్పి పరిచేస్తాడు. అలాంటి మనిషి భార్య మాలతి, తన తల్లి పోయిన దగ్గర్నుంచి రెండేళ్ళుగా ఇంట్లో మాట్లాడడం దాదాపు మానేసింది.

దవాఖాన మందులతో గుణం అంతంతమాత్రంగానే ఉంది. అప్పుడే చైతన్యపురిలోని ఓ కౌన్సెలింగ్ కేంద్రంలో పరిశోధన మొదలైతే, మాలతిని అందులో చేర్పించాడు. వారానికో గంట మనసులో మాట చెప్పుకుంటే దిగులు ఎంత తగ్గుతుందో చూస్తారట. పన్నెండు వారాలు. ప్రతి గురువారం మాలతి ఒక కాగితం నింపాలి, ఇంటివాళ్ళు ఇంకోటి. నిద్ర, తిండి, మాట, నవ్వు, ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు.

ఎల్.బి.నగర్ నుంచి మెట్రోలో ఆమెను తీసుకొచ్చి, తను బయట బల్ల మీద కూర్చునేవాడు. మూడో వారం తలుపు అవతల మాలతి నవ్వు వినబడింది. మార్కండేయులుకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన తనకు దొరకని నవ్వు, గంటలో నాలుగు మాటలైనా ఆడని కౌన్సెలర్ ప్రణతికి దొరికిందా! మగవాడైతే కనీసం కోపమన్నా తెచ్చుకోవచ్చు. కూతురు వయసు పిల్ల మీద ఏం తెచ్చుకుంటాడు? కాగితం అందుకున్నాడు. మాట, సున్నా. నవ్వు, సున్నా. మర్నాడు మాలతి కూర తరుగుతూ కూనిరాగం తీసింది. అదీ ఆ పిల్ల పుణ్యమే కదా అని కుళ్ళుకుని, ఆ తర్వాతి గురువారాలు కూడా సున్నాలే చుట్టాడు.

ఆరో వారం ఇద్దరినీ లోపలికి పిలిచారు. సగం వారాలు గడిచాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తామని మొదటి రోజే చెప్పారు. అతనే వినలేదు.

తెర మీద మాలతి మార్కుల గీత పైకి పోతోంది. ఇంటివాళ్ళ గీత నేలకు అతుక్కుని ఉంది.

మాలతి ముఖం వాడిపోయింది. "నాకే నయమైనట్టు అనిపిస్తున్నదేమో మేడం. ఇంట్ల ఉండే మనిషి అబద్ధం ఎందుకు రాస్తడు? నా కాగితాలియ్యుండ్రి, తగ్గించి రాస్త," అని పెన్ను అందుకుంది.

మార్కండేయులు పెన్నుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు మాలతీ! అబద్ధమే రాసిన. నువ్వు బాగైతున్నవ్. గీమె కాడ నవ్వుతున్నవ్, నా కాడ ఎందుకు నవ్వవని కడుపుమంట."

ప్రణతి ఏమీ అనలేదు. మాలతీ అనలేదు. దుకాణంలో అయితే ఈపాటికి ఇంకో చీర పరిచేవాడు. ఇక్కడ పరచడానికి ఏమీ లేదు.

"అత్తమ్మ పోయినప్పుడు నువ్వు ఏడుస్తుంటే, ఊకో అని చెప్పి దుకాణానికి పోయిన," అన్నాడు చివరికి. "వచ్చినంక మాట్లాడుదామనుకున్న. మాట్లాడలే."

మాలతి పెన్నుకు మూత పెట్టింది. కుర్చీ అతని వైపు జరుపుకుంది.

"ఇంక చెప్పు, వింట," అంది.