మా శ్రావణి కాలేజీ మార్పు

మా అల్లుడు ఈ మధ్యే పోయాడు. మా అమ్మాయి ఒంటరిదైపోయిందని, అస్సాంలో డాక్టరీ రెండో ఏడు చదువుతున్న మనవరాలు శ్రావణి ఇటువైపు కాలేజీకి మారతానంది. "నేనొచ్చి మాట్లాడతా, పద" అని ఈ రోజు పొద్దున్నే ఏలూరులో ఒక మెడికల్ కాలేజీకి తీసుకెళ్లాను. మా తోటలో చిన్న రసాలు కూడా బుట్టకెత్తాను.

కాలేజీ ఆఫీసులో అడ్మిషన్లు చూసే ఆయన బుట్ట వంక చూడనైనా లేదు.

"ఒకసారి చేరాక మారడం కుదరదండీ. అక్కడ మానేసి మళ్లీ ఎంట్రన్సు రాసుకోవాల్సిందే."

"తండ్రి పోయిన పిల్లయ్యా! మీ రూలుకి కళ్లు లేవా?" అని అరిచాను. శ్రావణే నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడి ఉండగా వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఈ పిల్ల నవ్వుతూ, "సీటిస్తామన్నారమ్మా, నేనే వద్దన్నా. నాకక్కడే బాగుంది. కావాలంటే తాతయ్యనడుగు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఎవరికైనా మొహమ్మీద నిజం చెప్పేవాణ్ణని నాకు పేరు. "ఔనమ్మా, నీ కూతురికి పొగరు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, "ఎందుకే ఆ అబద్ధం?" అని గదిమాను.

"కుదరదన్నారంటే, తనకోసం చదువు మానేస్తానేమోనని అమ్మకి నిద్ర పట్టదు తాతయ్యా. నాకే ఇష్టం లేదంటే నన్ను తిట్టుకునైనా పడుకుంటుంది" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ, ఆ జనంలోనే ఏడ్చింది.

మా అమ్మాయి ఇలాంటివి చదవదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఆ ఫోన్ మీ చేతికిస్తే మీరేమనేవారు?